లంకరేవు డ్యూకుగారి ఆస్తులు

మా లంకరేవుకి మురుగుకాలవలు రావలసింది, డ్యూకుగారు వచ్చారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాలవల నిర్వహణ ఎలా ఉంటుందో చూసి రమ్మని మా పురపాలక సంఘం కమిషనరు దత్తుగారిని ఇంగ్లండు పంపించారు. ఆయన అక్కడున్నన్నాళ్ళూ ఒకటే వాన. వానలో కాలవలేం చూస్తారులే అని అక్కడివాళ్ళు ఆయన్ని కార్న్‌వాల్ అనే చోట ఒక పాత కోటలో కూర్చోబెట్టి, చదువుకోమని ఒక చిన్న పుస్తకం చేతికిచ్చారు. కోటలో చలి. కదిలితే ఇంకా చలి. ఆయన కదలకుండా కూర్చుని ఆ పుస్తకం అట్ట నుంచి అట్ట దాకా చదివేశారు. తిరిగొచ్చీ రాగానే కౌన్సిల్ సమావేశం పెట్టించారు.

వేసవిలో కౌన్సిల్ సమావేశాలకి నేనూ సుభద్రమ్మా తప్పకుండా వెళ్తాం. ప్రజలు కూర్చునే బెంచీల పైన పంకాలు బాగా తిరుగుతాయి. మేమిద్దరం ఉండేది సోడాకొట్టు వెనకాల ఒంటిగదిలో. అందులో గాలి ఆడదు. మేము చుట్టాలం కాము. తను నన్ను వదినా అంటుంది, నేనూ తనని వదినా అంటాను, అంతే. భర్తలు పోయాక ఇద్దరం ఒకరికొకరం మిగిలాం. నాకింకెవరూ లేరు. తనకి మాత్రం అనకాపల్లి దగ్గర ఒక మేనల్లుడున్నాడు. ఆ మేనల్లుడి ప్రస్తావన వస్తే చాలు, నేను మాట మార్చేస్తాను. ఎప్పుడో ఒకనాడు వచ్చి తీసుకుపోతాడని నా భయం. నేను బస్సెక్కించిన మనుషుల్లో తిరిగొచ్చినవాళ్ళు లేరు. అందుకని తెలిసినవాళ్ళెవరు ఊరెళ్తున్నా నేను గది దాటి బయటికి రాను.

ఆ రోజు దత్తుగారు కోటు వేసుకునే మాట్లాడారు.

"అధ్యక్షా, ఆ దేశం నిలకడగా ఉండడానికి కారణం కాలవలు కావు. హోదా. పదమూడు వందల ముప్ఫై ఏడో సంవత్సరంలో మూడో ఎడ్వర్డు అనే రాజుగారు తన ఆరేళ్ళ కొడుకుని కార్న్‌వాల్ డ్యూకుగా ప్రకటించారు. ఆ దేశంలో డ్యూకు అనే హోదాకి శ్రీకారం అదే. అప్పటినుంచి రాజ్యానికి వారసుడైన పెద్దకొడుకు పుట్టిన క్షణాన్నే డ్యూకు. దరఖాస్తు లేదు, ఇంటర్వ్యూ లేదు. తండ్రి తర్వాత తను రాజయ్యేదాకా ఆ హోదాలో వేచి ఉంటాడు. వేచి ఉండడాన్ని కూడా ఒక బాధ్యతాయుతమైన కర్తవ్యంగా గుర్తించిన దేశం అది. మరి మనం?"

సభ్యులందరూ చైర్మన్ గన్నెయ్యగారి అబ్బాయి తేజోవర్ధన్ వైపు చూశారు. అతనికి ముప్ఫై దాటాయి. చాలా ఏళ్ళుగా అతను చేస్తున్న పని వేచి ఉండడమే.

ఆరో వార్డు మెంబరు లేచి నిలబడ్డాడు. "చిన్న డౌటండి. చైర్మన్ గారు ఓట్లతో గెలిచారు కదండి. ఓట్లతో వచ్చినదానికి వారసుడేంటండి?"

"అది సాంకేతికపరమైన అభ్యంతరం. సాంకేతిక కమిటీ పరిశీలిస్తుంది."

"ఆ కమిటీ ఎక్కడుందండి?"

"వేస్తాం."

గన్నెయ్యగారు గొంతు సవరించుకున్నారు. "మరి మా పెద్దమ్మాయుంది కదండి. అబ్బాయి కంటే అదే పెద్ద. రైసుమిల్లు కూడా అదే చూస్తంది."

"కార్న్‌వాల్లో ఆడపిల్లలకి ఈ హోదా వర్తించదండి. నిబంధన నిబంధనే," అన్నారు దత్తుగారు.

గన్నెయ్యగారి ముఖం తేలికపడింది. రైసుమిల్లు చూసుకునే మనిషిని హోదాకి పంపడం ఆయనకీ ఇష్టం లేదు.

సుభద్రమ్మ నా వైపు ఒరిగింది. "డ్యూకుకి జీతమెంత ఉంటది వదినా?"

"జీతం కాదు వదినా, హోదా."

"అయితే పాపం కుర్రోడు," అంది.

తేజోవర్ధన్‌ని లంకరేవు డ్యూకుని చేసే తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అడ్డు చెప్పిన ఆరో వార్డు మెంబరు కూడా చెయ్యెత్తాడు. సాంకేతిక కమిటీకి అధ్యక్షుడు అతనేనని అప్పటికి ఎవరో చెవిలో చెప్పారు.

హోదా స్వీకారం బస్టాండు ఎదుట జరిగింది. డ్యూకు తన సీమలో కాలు పెట్టినప్పుడు అక్కడివాళ్ళు తెల్ల చేతితొడుగుల జత, ఒక పౌను మిరియాలు, వేటకుక్కల జత సమర్పించుకోవడం కార్న్‌వాల్లో ఆచారమట. తొడుగులు పెళ్ళిబాజా మేళం దగ్గర ఎరువు తెచ్చారు. పౌను అంటే ఎంతో తేలక మిరియాలు అరకిలో పోశారు. వేటకుక్కల కోసం పశువుల ఆసుపత్రి ముందు పడుకునే రెండిటికి సబ్బుపెట్టి స్నానం చేయించారు. ఇవి వేటాడతాయా అని ఒక విలేఖరి అడిగాడు. "డ్యూకుగారి ఉత్తర్వు లేనిదే వేటాడవు," అన్నారు దత్తుగారు. అవి నిజంగానే ఆయన మాట నిలబెట్టాయి. డ్యూకుగారి కాళ్ళ దగ్గర పడుకుని నిద్రపోయాయి.

హోదా వచ్చింది కాబట్టి దాన్ని పోషించడానికి జమీ ఉండాలి. పుస్తకంలో అలాగే ఉంది. పురపాలక సంఘం భూములు ఎక్కడున్నాయో వెతకమని సర్వేయర్ని పంపారు. అవి సభ్యుల ఇళ్ళ కింద ఉన్నాయని ఆయన చెప్పాడు. ఇళ్ళెత్తి చూడడం మర్యాద కాదని ఆ సంగతి అంతటితో వదిలేశారు.

అప్పుడు దత్తుగారు పుస్తకంలో ఇంకో పుట తీశారు. కార్న్‌వాల్లో వారసులు లేకుండా పోయినవాళ్ళ ఆస్తి డ్యూకుకే చెందుతుందట. ఓడ మునిగి ఒడ్డుకి కొట్టుకొచ్చి, ఎవరూ నాదని రానిది కూడా ఆయనదేనట.

"మనకి సముద్రం లేదు కదండి," అన్నారు గన్నెయ్యగారు.

"అధ్యక్షా, బస్టాండుంది. లోతుగా ఆలోచిస్తే బస్టాండు కూడా ఒక సముద్రతీరమే."

సభ లోతుగా ఆలోచించింది. 'లంకరేవు సరిహద్దుల్లో సొంతదారు కనబడనిది ఏదైనా డ్యూకుగారి ఆస్తి' అని తీర్మానించింది. బస్టాండులో సామాన్ల గది చూసుకునే నూకరాజుని 'డ్యూకుగారి ఆస్తుల పరిరక్షణాధికారి'గా నియమించారు. నూకరాజు మంచివాడే. ఆ రోజుదాకా "ఏం మామ్మగారూ, బావున్నారా" అని పలకరించేవాడు. టోపీ ఇచ్చాక పలకరింపు మానేసి పరిశీలించడం మొదలుపెట్టాడు.

మొదట్లో అంతా సజావుగానే నడిచింది. మరిచిపోయిన గొడుగులు, టిఫిను క్యారేజీలు, ఒక పెట్టుడుపళ్ళ జత డ్యూకుగారికి సంక్రమించాయి. సొంతదారు వచ్చి ఆనవాళ్ళు సరిగ్గా చెబితే నూకరాజు వస్తువు ఇచ్చేసేవాడు. కానీ మరిచిపోయిన గొడుగుల మీద ఏ జమీ బతుకుతుంది? దాంతో నూకరాజు బస్టాండు దాటి ఊళ్ళోకి వచ్చాడు. టీకొట్టు ముందున్న సైకిళ్ళు ఎత్తాడు. గట్టు మీద మేస్తున్న మేకల్ని తోలుకెళ్ళాడు. శనివారం పూట గుడి మెట్ల కింద విడిచిన చెప్పులన్నీ హారతి అయ్యేలోగా డ్యూకుగారివైపోయాయి. భక్తులు కాలే రోడ్డు మీద గెంతుకుంటూ బస్టాండుకి పరిగెత్తి, ఎవరి చెప్పు ఏ వైపు అరిగిందో చెప్పి విడిపించుకున్నారు.

ఊరికి దారి చూపించింది ఒక గేదె. దాన్ని తోలుకుపోవడానికి నూకరాజు వస్తుంటే, దాని ఆసామి అంత దూరం నుంచి అరుస్తూ పరిగెత్తుకొచ్చి, ఇంక అందుకోలేక భుజం మీది తువ్వాలు దాని మీదకి విసిరాడు. తువ్వాలు గేదె వీపు మీద పడింది. నూకరాజు టక్కున ఆగిపోయాడు.

ఆగక ఏం చేస్తాడు? బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడితే ఆ సీటు వేసినవాడిది. ఇది మా వైపు ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఎమ్మెల్యే ఎక్కినా ఆ తువ్వాలు తీయడు, పక్కన నిలబడతాడు. బస్టాండులో పాతికేళ్ళు పనిచేసిన మనిషికి తువ్వాలు దాటి చెయ్యి వెయ్యడం చేతకాలేదు.

దత్తుగారు మర్నాడే దాన్ని క్రమబద్ధం చేశారు. "తువ్వాలు కలిగి ఉన్న ఆస్తి సొంతదారు కలిగి ఉన్న ఆస్తిగా భావించబడును," అని ప్రకటన వచ్చింది. రెండు వారాల్లో మా ఊరు ఊరంతా బట్టలారేసిన దండెంలా తయారైంది. బావుల మీద, బళ్ళ మీద, గుమ్మడికాయల మీద, కట్టడం ఆగిపోయిన గోడల మీద తువ్వాళ్ళు. బట్టలకొట్లో తువ్వాళ్ళు అయిపోతే ఆడవాళ్ళు పాత చీరలు చింపారు. మేమూ నీళ్ళబిందె మీద ఒకటి, కుంపటి మీద ఒకటి వేసుకున్నాం.

నిబంధనకి పెద్దా చిన్నా లేదని చైర్మన్ గారి కుర్చీతో రుజువైంది. ఆయన తిరుపతి వెళ్ళారు. కుర్చీ ఖాళీ. దాని మీద తువ్వాలు లేదు. నూకరాజు దాన్ని నెత్తిన పెట్టుకుని బస్టాండుకి మోసుకొచ్చాడు. గన్నెయ్యగారు గుండుతో దిగి, బస్సులోంచి నేరుగా కౌంటరు దగ్గరికే వచ్చారు.

"నా కుర్చీరా అది!"

"ఆనవాళ్ళు చెప్పండి సార్."

"నాలుక్కాళ్ళుంటాయి."

"అన్ని కుర్చీలకీ ఉంటాయి సార్."

గన్నెయ్యగారు గుండు తడుముకున్నారు. "కుడిచేతి దగ్గర రెక్సిన్ చినిగుంటది. మీటింగుల్లో ఏమీ తోచక నేనే గోకి చింపాను."

"సరిపోలింది," అని నూకరాజు కుర్చీ అప్పగించాడు. ఆ కాసేపూ ఆ కుర్చీ తనదే అయిందని డ్యూకుగారికి తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు ఆయన కుక్కలకి బిస్కెట్లు కొనడానికి వెళ్ళి ఉన్నారు.

ఇక మనుషుల సంగతి. బస్టాండు బెంచీ మీద ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. ఆయన తువ్వాలు ఎవరో పట్టుకుపోయారు. నూకరాజు ఆయన్ని మేడ మీదకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాడు. మనిషి వస్తువెలా అవుతాడని ఊళ్ళో గొడవైంది. దత్తుగారు తీర్మానం తీసి చదివారు. "ఇందులో వస్తువు అని లేదు. 'ఏదైనా' అని ఉంది. మనుషులకి మినహాయింపు ఇస్తే మేకలు కూడా అడుగుతాయి."

మనిషి మీద తువ్వాలు వేసే హక్కు రక్తసంబంధం ఉన్నవాళ్ళకే ఇచ్చారు. దానితో ఊళ్ళో తల్లులకీ తండ్రులకీ ఎన్నడూ లేని వైభవం వచ్చింది. మాటలు మానేసిన కొడుకులు కూడా పరుగున వచ్చి మెడలో తువ్వాళ్ళు వేసి వెళ్ళారు. భార్యాభర్తలకి రక్తసంబంధం లేదని ఎవరో లేవనెత్తారు. ఆ విషయం సాంకేతిక కమిటీకి పోయింది. తేలేదాకా తాత్కాలికంగా ఒకరికొకరు ఉన్నట్టే అనుకోమన్నారు.

మా గదికి నూకరాజు ఒక మధ్యాహ్నం వచ్చాడు. నేను ముందే సుభద్రమ్మ భుజం మీద తువ్వాలు వేశాను, తను నా భుజం మీద వేసింది. అలా కూర్చుని మరమరాలు తింటున్నాం.

"ఎవరేశారివి?" అన్నాడు.

"తనది నేను, నాది తను," అన్నాను.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"వదినలం బాబూ," అంది సుభద్రమ్మ.

"ఎలా వదినలు? మీ అన్నగారు ఈవిణ్ణి చేసుకున్నారా?"

"అబ్బే, లేదు."

"పోనీ ఈవిడ అన్నగారు మిమ్మల్ని?"

"ఈవిడకి అన్నగారే లేరయ్యా. వదినా అని పిలుచుకోడం అలవాటు, అంతే."

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. "అలవాటు రక్తసంబంధం కిందకి రాదు మామ్మగారూ. చూడండి, మీకు సొంతదారు లేరు. ఆవిడకీ లేరు. ఒక గొడుగొచ్చి ఇంకో గొడుగుని నాదంటే ఇచ్చేస్తామా?"

మేనల్లుడి మాట నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. మరమరాలు కొంగున కట్టుకుని, గదికి తాళం వేసి, అతని వెనక నడిచాం. దారిలో నా భయమంతా ఒక్కటే, ఇద్దర్నీ చెరో చోట పెడతారేమోనని. అడిగాను.

"ఒకే రకం ఆస్తులు ఒకే చోట ఉంచడం పద్ధతి," అన్నాడు నూకరాజు. ఆ పద్ధతి పెట్టినవాళ్ళు చల్లగా ఉండాలి.

బస్టాండు మేడ మీద ప్రయాణికుల విశ్రాంతి హాలుని డ్యూకుగారి నిల్వగది చేశారు. ఒక పక్క గొడుగులు, ఒక పక్క మేకలు, ఒక పక్క మేము. మాలాంటివాళ్ళు ఇంకొందరున్నారు. పంకాలు బాగా తిరిగేవి. తన ఆస్తి పాడవకుండా చూసుకోవడం డ్యూకు విధి అని పుస్తకంలో ఉందని రెండు పూటలా భోజనం పెట్టేవారు. కూరలు మటుకు సంతలో ఎవరూ నాదనకుండా వదిలేసినవి. దొరికిన రోజున ఏది దొరికితే అదే కూర.

ఆ పుస్తకం కూడా అక్కడికే చేరింది. దత్తుగారే ఒకనాడు దాన్ని టీకొట్టు బల్ల మీద మరిచిపోతే నూకరాజు పట్టుకొచ్చి గొడుగుల పక్కన పెట్టాడు. ఆనవాళ్ళు అడుగుతారన్న భయంతో ఆయన దాని కోసం రాలేదు. కాగితం కనిపిస్తే చదవకుండా ఊరుకోలేను. ఇంగ్లీషుది కాబట్టి కూడబలుక్కుని, రోజుకో పుట చదివి సుభద్రమ్మకి చెప్పేదాన్ని.

డ్యూకుగారు సాయంకాలాలు కుక్కలతో వచ్చి మా దగ్గర కూర్చునేవారు. చేతికి తెల్ల తొడుగులుండేవి. బాజామేళంవాళ్ళు పెళ్ళిళ్ళ రోజుల్లో అడిగి పట్టుకెళ్ళి మళ్ళీ ఇచ్చేవారు.

"మామ్మగారూ, మొదటి డ్యూకున్నాడు కదండి, ఆరేళ్ళప్పుడైనోడు. ఆయన రాజెప్పుడయ్యాడండి?" అని అడిగారొకసారి.

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు తిరగలేదు. "అవలేదు నాయనా. దాదాపు నలభై ఏళ్ళు డ్యూకుగానే ఉన్నాడు. తండ్రి ఉండగానే, ఆయన కంటే ఒక ఏడాది ముందు, ఈయన వెళ్ళిపోయాడు. తర్వాత ఈయన కొడుకు రాజయ్యాడు."

డ్యూకుగారు తొడుగుల వేళ్ళు ఒక్కొక్కటే లాగి సర్దుకున్నారు. "మా నాన్న రోజూ ఏటిగట్టు చివరిదాకా నడుస్తాడండి. వచ్చి రెండు పెసరట్లు తింటాడు," అన్నారు చివరికి. "బీపీ లేదు. షుగర్ లేదు."

"పోనీ నువ్వు కూడా నడు బాబూ," అంది సుభద్రమ్మ. "రెండు తిను. సరిసమానంగా ఉంటది."

ఆయన నవ్వేశారు. ఆ మర్నాటి నుంచి మాకు పొద్దున్న పెసరట్లు వచ్చేవి.

ఒక మాట చెప్పాలి, వినేవాళ్ళు నవ్వినా సరే. నాకక్కడ హాయిగా ఉంది. కింద బస్సులు బయల్దేరుతుండేవి. ఎవరెవరో కిటికీల్లోంచి చేతులూపేవారు, ఎవరెవరో కళ్ళు తుడుచుకునేవారు. మా హాల్లోంచి మాత్రం ఎవరూ ఎక్కడికీ వెళ్ళేవారు కాదు. ఆస్తి తనంతట తను కదలకూడదని నిబంధన. ఇన్నేళ్ళ నా బతుకులో నాకు సరిపడ్డ నిబంధన అదొక్కటే.

కానీ దత్తుగారు ఊరుకునే మనిషి కారు. నాదనేవాళ్ళు ఇక ఎన్నటికీ రారని తేలితేనే ఆస్తి శాశ్వతంగా డ్యూకుగారిదవుతుందని, అలా తేలడానికి పేపర్లో ప్రకటన వేయించారు. గొడుగుల తర్వాత మా పేర్లు వేశారు. 'సుభద్రమ్మ, వృద్ధ స్త్రీ, వాడుకలో ఉన్నది' అని పడింది.

వారం తిరక్కుండా మేనల్లుడు దిగాడు. పేరు అప్పలకొండ. నడివయసు మనిషి, చెమటతో తడిసిన చొక్కా, చేతిలో కొత్త తువ్వాలు. మెట్లెక్కుతూనే, "ఏటత్తా! పేపర్లో నీ పేరు సూసి లగెత్తుకొచ్చీసినాను. ఎంత సిక్కిపోనావు!" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చెడ్డవాడని అనుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

సుభద్రమ్మ అతని చెంప నిమిరింది. "మీ నాన్న పోలికే వచ్చిందిరా నీకు," అంది.

"ఇంటికి పోదాం రాయే. నీకోసం గది కట్టించినాను. కిటికీ ఎట్టించినాను. గాలి బాగా ఒస్తాది."

"ఈ వదినకి కూడా చోటుందా?"

"ఆవిడెవులు?"

"ఆస్తి మాట్లాడకూడదు," అన్నాడు నూకరాజు. దత్తుగారు కూడా వచ్చారు. మనిషిని విడిపించుకోవడానికి బంధువు రావడం అదే మొదలు కాబట్టి, దగ్గరుండి జరిపిస్తామన్నారు. డ్యూకుగారు కుక్కలతో ఒక పక్కన నిలబడ్డారు. మాకు అప్పుడే భోజనాలు వడ్డించారు.

"రక్తసంబంధం రుజువైంది," అన్నారు దత్తుగారు. "అయితే గొడుగైనా మనిషైనా పద్ధతి ఒక్కటే. ఆనవాళ్ళు చెప్పవలసి ఉంటుంది. ఒక్కటి సరిపోలితే ఆస్తి మీదే. సరిపోలకపోతే ఆస్తి శాశ్వతంగా డ్యూకుగారిదే."

అప్పలకొండ తడబడ్డాడు. "మా అత్తకి ముక్కుపుడకుంటాదండి."

అందరూ చూశారు. ముక్కుపుడక లేదు. మొగుడు పోయిన రోజే తీసేసింది.

"పొడుగాటి జడ..." అన్నాడు. దాని సంగతీ అంతే.

"ఇంకేమైనా?" అన్నాడు నూకరాజు.

అప్పలకొండ అత్తని పైనుంచి కిందికి చూశాడు. చిన్నప్పుడు చూసినదాన్ని ఈ మనిషిలో వెతుక్కుంటున్నాడు, దొరకడం లేదు. నేను అతని పక్కనే విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. సుభద్రమ్మ ఆనవాళ్ళన్నీ నా నాలిక చివర ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు, తను ఇక్కడే ఉంటుంది. మూసుకున్నాను కూడా. కానీ కిటికీ ఉన్న గది నా కళ్ళ ముందు నుంచి కదల్లేదు. రేపు నేను ముందు పోతే ఈ మేకల మధ్య తనకి ఎవరు గుక్కెడు నీళ్ళు పోస్తారు? సొంత మనిషి ఇంత దూరం వచ్చి నిలబడితే, నేనెవరిని అడ్డం కూర్చోడానికి?

"వంకాయ పడదని చెప్పు," అన్నాను మెల్లగా. "ముక్క తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు."

"వంకాయ!" అని అరిచాడు అప్పలకొండ. "మా అత్తకి వంకాయ పడదండి! తింటే దద్దుర్లొచ్చీస్తాయండి!"

దత్తుగారి ముఖం వెలిగింది. "భేష్. పరీక్షించదగిన ఆనవాలు."

ఆ రోజు మాకు వడ్డించింది గుత్తివంకాయ. సంతలో ఎవరిదో బస్తా జారిపోయింది. సుభద్రమ్మ విస్తరిలో కూర అలాగే ఉంది, పక్కకి తోసిపెట్టుకుంది.

తను నా వైపు చూసింది. నేను విస్తరిలోకి చూసుకున్నాను.

"దద్దుర్లా? నాకా?" అంది సుభద్రమ్మ. ఒక వంకాయ తీసి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ఇంకోటి తీసుకుంది. "కొంచెం ఉప్పు తగ్గింది," అంటూ మూడోది కూడా తినేసి, వేళ్ళకంటిన కూర నాక్కుంది.

"ఫలితం తేలడానికి సహేతుకమైన వ్యవధి ఇవ్వాలి," అన్నారు దత్తుగారు. "కింద అమలాపురం బస్సు ఉంది. అది బయల్దేరేదాకా వేచి ఉందాం."

వేచి ఉన్నాం. సుభద్రమ్మ చెయ్యి కడుక్కొచ్చి, చలిగా ఉందంటూ మెడ దాకా తువ్వాలు కప్పుకుని, చేతులు లోపలికి ముడుచుకుని కూర్చుంది. ఎండలు మండిపోతున్నాయి. డ్రైవరు ఎక్కడో టీ తాగుతున్నాడు, రాడు. తన పెదవులు బిగుసుకున్నాయి. భుజాలు తువ్వాలు కింద కొద్దికొద్దిగా అటూ ఇటూ రాసుకుంటున్నాయి. చెవి వెనక ఎర్రటి మచ్చ ఒకటి లేచింది. తువ్వాలు అంచు దాటి చెంప వైపు పాకుతోంది. డ్యూకుగారు నిలబడింది అటు పక్కనే. ఆయన ఆ మచ్చని చూశారు. తర్వాత నన్ను చూశారు. అడుగు ముందుకేసి, సరిగ్గా దత్తుగారికీ సుభద్రమ్మకీ మధ్య వంగి, కుక్క మెడ పట్టీ సవరించడం మొదలుపెట్టారు. ఆ పట్టీ సవరించడానికి బస్సు హారన్ కొట్టేదాకా పట్టింది.

బస్సు కదిలింది.

"దద్దుర్లు గమనించబడలేదు," అన్నారు దత్తుగారు. "ఆనవాలు సరిపోలలేదు. క్లెయిము తిరస్కరించడమైనది."

అప్పలకొండ కొత్త తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు. "మనిసి అచ్చం మా అత్తే. మాటా మా అత్తదే. మరి ఆనవాలు కలవనేదేటండి?" అని నూకరాజుని అడిగాడు.

"అలా జరుగుతుంటాది. మొన్న ఒక గొడుక్కీ ఇలాగే అయింది," అన్నాడు నూకరాజు.

"ఒక్కోపాలి వచ్చి సూసెళ్తాను మరి," అని అప్పలకొండ ఆ తువ్వాలు సుభద్రమ్మ ఒళ్ళో పెట్టి, వెనక్కి చూసుకుంటూ మెట్లు దిగాడు. "దసరాకి రారా నాయనా, పిల్లల్ని తీసుకురా," అంది తను, గొంతు నిలకడగానే. దత్తుగారూ నూకరాజూ అతని వెనకే దిగిపోయారు. అడుగుల చప్పుడు ఆగగానే తువ్వాలు విసిరికొట్టి రెండు చేతులా గోక్కోవడం మొదలుపెట్టింది. మోచేతుల దాకా ఎర్రగా పొంగిపోయి ఉంది. డ్యూకుగారు మజ్జిగ కోసం పరిగెత్తారు.

"ఎందుకు తిన్నావు వదినా?" అన్నాను, కొంగుతో విసురుతూ.

"నువ్వెందుకు చెప్పావు వదినా?"

ఈలోగా మజ్జిగ వచ్చింది. నేను మజ్జిగ రాస్తుంటే తను పళ్ళు బిగించుకుని మూలిగింది, నవ్వింది, మళ్ళీ మూలిగింది. కాసేపటికి మోచేత్తో నన్ను పొడిచి విస్తరి వైపు చూపించింది.

"అందులో ఇంకో కాయ మిగిలింది, చూడు. పారెయ్యకు. మూతపెట్టి దాచు. సాయంకాలం బస్సుకి ఇంకెవరైనా దిగుతారేమో."